కనబడిన సూక్ష్మజీవి, కనబడని రోగము

గర్భాశయములో కాపర్-టి వంటి గర్భనిరోధక సాధనమును ధరించిన స్త్రీ ఒకామె, కాన్సరు జాడ ఏమైనా ఉన్నదేమో తెలిసికొనుటకై పరీక్షకు పోయినదనుకొనుడు. ఆమెకు నొప్పి లేదు, జ్వరము లేదు, చెప్పుకొనదగిన బాధ ఏదియు లేదు. గర్భాశయ ముఖము నుండి కొద్ది కణములను గీకి, గాజుపలకపై పూసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూచినారు. కాన్సరు జాడ లేదు. కాని నివేదికలో అదనముగా ఒక వాక్యము ఉన్నది: ఆక్టినోమైసీస్ అను బాక్టీరియాను పోలిన సూక్ష్మజీవులు కనబడినవి. ఇప్పుడు ఏమి చేయవలెను? సాధనమును తీసివేయవలెనా? పెన్సిలిన్ ఇవ్వవలెనా? రెండును చేయవలెనా? లేక ఏమియు చేయకుండుటయే సరియైన వైద్యమా?

1976 తరువాత ఈ నాలుగు సమాధానములును వైద్య పత్రికలలో వచ్చినవి. సమాధానము మారినది సూక్ష్మజీవి మారినందువలన కాదు. కొత్త మందు దొరికినందువలన కూడ కాదు. ఉన్న సాక్ష్యమును చదివెడి పద్ధతి మారినది. ఒక వస్తువు ఫలానా చోట కనబడినదనుటకును, ఫలానా రోగమునకు అదియే కారణమనుటకును నడుమ ఎంత దూరమున్నదో బోధించుటకు ఉపాధ్యాయులకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

ముందుగా ఈ సూక్ష్మజీవి సంగతి. 1877లో బోలింజర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు పశువులకు దవడ ఉబ్బి గట్టిపడు రోగమును వర్ణించినాడు. ఆ వాపులలో కిరణములవలె నలుదెసలకు చిమ్మిన పోగులు కనబడగా, హార్ట్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ఆక్టినోమైసీస్ అని పేరు పెట్టినాడు. కిరణ శిలీంధ్రమని ఆ గ్రీకు మాటకు అర్థము. మరుసటి సంవత్సరము బెర్లినులో జేమ్స్ ఇజ్రాయెల్ అను శస్త్రవైద్యుడు ఇటువంటి రోగమునే మనుష్యులలో వర్ణించినాడు. మానవులలో ముఖ్యముగా రోగము కలిగించు జాతికి ఆయన పేరే నిలిచినది. ఇది శిలీంధ్రము కాదనియు, కొమ్మలు వేయు బాక్టీరియా అనియు తరువాత తేలినది. పేరు మాత్రము మారలేదు. విజ్ఞానశాస్త్రములో తప్పుడు పేర్లకు ఆయుర్దాయము ఎక్కువ.

ఆక్టినోమైసీస్ మనుష్యునికి పరాయిది కాదు. పండ్ల చిగుళ్ల సందులలో, పేగులలో, జననేంద్రియ మార్గములో సామాన్యముగా కాపురముండును. ఆక్సిజన్ దీనికి గిట్టదు. పైపొర చెదరి లోపలి కణజాలములోనికి చొరబడినపుడు మాత్రమే రోగముగా మారును. ఆ రోగము అరుదు గాని తేలిక కాదు. మెల్లగా పెరుగును, అవయవముల మధ్యనున్న హద్దులను లెక్కచేయదు, గట్టి గడ్డవలె తోచును. చీములో పసుపు పచ్చని రేణువులు కనబడును. వీటిని గంధకపు రేణువులందురు. ఆ పేరు రంగును బట్టి వచ్చినదే. కటిప్రదేశములో ఈ రోగము పుట్టినపుడు కాన్సరని భ్రమపడి పెద్ద శస్త్రచికిత్స చేసి, తీసిన భాగమును పరీక్షించిన పిమ్మటగాని అసలు సంగతి తెలియని సందర్భములు వైద్య గ్రంథములలో అనేకము ఉన్నవి. కనుక వైద్యులు దీనికి భయపడుట అకారణము కాదు.

కణపరీక్ష వేరొక దారిన వచ్చినది. గ్రీసు దేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన జార్జి పాపనికొలావ్, 1943లో హెర్బర్టు ట్రాట్‌తో కలిసి, పూతలోని కణములను చూచి గర్భాశయ కాన్సరును ముందే పసిగట్టు పద్ధతిని గ్రంథస్థము చేసినాడు. ఆయన పేరు మీదనే దానికి పాప్ పరీక్ష అను పేరు వచ్చినది. ఈ పరీక్ష బాక్టీరియాల కొరకు ఏర్పడినది కాదు. కాని లక్షలాది పూతలను చూచుచున్నవారి కంటికి ఇతర వస్తువులు కూడ పడును గదా! 1976లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థలో పనిచేయుచున్న భారతీయ శాస్త్రజ్ఞుడు గుప్తా, తన సహచరులు హాలెండర్, ఫ్రాస్టులతో కలిసి, గర్భాశయ సాధనము ధరించిన స్త్రీల పూతలలో ఆక్టినోమైసీస్ కనబడుచున్నదని ప్రకటించినాడు. దూది ఉండవలె నల్లగా గుబురుకొని, అంచులలో సన్నని పోగులు బయటికి చాచిన ఈ ముద్దలను ఇప్పటికిని కొందరు గుప్తా బాడీలని పిలిచెదరు. ఆ పరిశీలన సూక్ష్మమైనది, నిజమైనది. దానిలో తప్పు లేదు. దానిపై కట్టిన మేడలోనే తప్పున్నది.

మొదటి చిక్కు గుర్తింపునకు సంబంధించినది. పూతలో కనబడునది ఆకారము మాత్రమే. ఆకారమును బట్టి జాతిని నిర్ణయించుట ఎంత ప్రమాదకరమో బాక్టీరియాలను గూర్చి చదివిన విద్యార్థికి తెలియును. ఇతర పోగుల బాక్టీరియాలు, శ్లేష్మపు తీగలు, నూలు పీచు కూడ ఈ వేషము వేయగలవు. నిశ్చయముగా చెప్పవలెనన్న ఆక్సిజన్ లేని పాత్రలో దినముల తరబడి పెంచవలెను, లేదా ప్రత్యేక ప్రతిరక్షకములతో మెరయునట్లు చేసి చూడవలెను. పెంపకము కూడ తరచు విఫలమగును. అందుచేతనే జాగరూకులైన శాస్త్రజ్ఞులు "ఆక్టినోమైసీస్ వంటి జీవులు" అని వ్రాయసాగినారు. "వంటి" అను ఆ చిన్న మాటను ఎన్ని ఆస్పత్రులలో చదువకుండ వదలివేసినారో!

గుర్తింపు సరియేననుకొన్నను, రెండవ చిక్కు ఇంకను పెద్దది. ఉనికి వేరు, రోగము వేరు. సాధనము గర్భాశయములో ఏండ్ల తరబడి నిలిచియుండు పరాయి వస్తువు. దాని పైన సున్నపు పొరలు పేరుకొనును. వాటిలో నెమ్మదిగా పెరుగు జీవులకు నీడ దొరకును. సాధనము ఎంత కాలముండిన అంత తరచుగా ఇవి కనబడుట ఇందువలననే. పంట కాలువ గట్టున పెద్ద బండ యున్నచో దాని చుట్టు నాచు పేరుకొనును. నాచు పట్టినంత మాత్రమున కాలువ చెడినదని రైతు అనడు. నీరు పారుట ఆగినదా అని చూచును. 1970 దశకము చివరను, 1980 దశకమునను వ్రాసిన వ్యాసములలో చాలవరకు ఈ రెండవ ప్రశ్నను అడుగనే లేదు. కటిప్రదేశపు ఆక్టినోమైకోసిస్‌తో ఆస్పత్రికి వచ్చిన స్త్రీలలో పలువురు సాధనము ధరించినవారే. నిజమే. అయితే సాధనము ధరించి, పూతలో ఈ జీవి కనబడి, ఏ రోగమును లేక సుఖముగా ఇంటనున్న స్త్రీలు ఎందరు? వారు ఆస్పత్రికి రారు. కనుక లెక్కలోనికి రారు.

ఇది నల్లబల్లపై చేయదగిన లెక్క. సాధనము ధరించినవారిలో నూటికి సుమారు 7 మంది పూతలలో ఈ జీవి కనబడునని అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల పేర్కొన్నది. పదివేలమందిని తీసికొన్నచో 700 మంది. ఇక రోగము పదివేలకు ఒకరికి వచ్చునని, లెక్క కొరకు మాత్రమే, అనుకొనుడు. ఆ ఒక్కరును ఈ 700 మందిలోనివారే యని కూడ ఒప్పుకొనుడు. అందరికిని సాధనము తీసి మందిచ్చినచో, ఒకరికి మేలు, 699 మందికి అనవసరపు చికిత్స. ఊహించిన అంకెను అయిదింతలు చేసినను 695 మంది మిగులుదురు. పరీక్ష ఎంత చక్కగా చేసినను, రోగము అరుదైనపుడు, దాని జోస్యము ఇట్లు బలహీనమే యగును. ఇక ఆ 699 మందికి జరుగునదేమి? పెన్సిలిన్ పడనివారికి వికటించును. సాధనము పోయి వేరొక పద్ధతి అందనివారు కోరని గర్భము ధరింతురు. బాధ లేని దేహములో రోగమున్నదను భయము ఒకటి కొత్తగా ప్రవేశించును.

చికిత్స చేసినవారు చూపిన రుజువు ఒకటున్నది: సాధనము తీసిన పిదప మరుసటి పూతలో జీవి కనబడలేదు! బండ తీసినచో నాచు పోవుట వింత కాదు. దానివలన ఒక రోగమును నివారించినట్లు ఎట్లు తేలును? పైగా ఏ మందును ఇవ్వకున్నను ఒక పూతలో కనబడినది మరియొక పూతలో కనబడకపోవుట కలదు. చికిత్స పొందని జట్టును పక్కన నిలుపక చేసిన ఇటువంటి వాదమును హైస్కూలు ప్రయోగశాలలో కూడ అంగీకరింపరాదు.

అంత తెలివిగల వైద్యులు ఇంత తొందరపడిరెందుకు? వారు భయపడియుండిరి. ఆ భయమునకు పేరు డాల్కన్ షీల్డు.

జాన్స్ హాప్‌కిన్స్‌లోనే పనిచేసిన హ్యూ డేవిస్ అను వైద్యుడు, ఒక ఇంజనీరుతో కలిసి, అంచులకు ముళ్లవంటి కొక్కెములున్న ఈ ప్లాస్టిక్ సాధనమును రూపొందించినాడు. దీనిని ధరించినవారిలో గర్భము ధరించినది నూటికి 1.1 మాత్రమేనని 1970లో ప్రకటించినాడు. పరిశీలించినది 640 మంది స్త్రీలను. సగటు పరిశీలన కాలము ఆరు నెలలైనను నిండలేదు. సాధనము అమ్మకములో ఆయనకు సొంత లాభమున్న సంగతి ఆ వ్యాసములో లేదు. ఎ.హెచ్. రాబిన్స్ కంపెనీ ఆ సాధనమును కొని 1971 నుండి అమెరికాలో అమ్మినది. 20 లక్షలకు పైగా స్త్రీలు ధరించినారు. ఆ రోజులలో ఇటువంటి సాధనములను ముందుగా పరీక్షించి అనుమతించు అధికారము అక్కడి ప్రభుత్వ సంస్థకు లేకుండెను. ఆ చట్టము 1976లోగాని రాలేదు. సాధనముండగనే గర్భము ధరించిన స్త్రీలలో కొందరు రక్తము విషమై మరణించినారు. 1974 జూనులో అమ్మకము ఆగినది. వ్యాజ్యముల వరదలో కంపెనీ 1985లో దివాలా ప్రకటించినది.

దోషము ఎక్కడున్నది? తక్కిన సాధనముల తోక ఒంటి పోగు. నున్నని చేపల గాలపు తీగ వంటిది. డాల్కన్ షీల్డు తోక వందలాది సన్నని నైలాను పోగులను ఒక గొట్టములో చుట్టి చేసినది. ఆ గొట్టపు కొనలు తెరచియుండెను. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు అది యోని నుండి ద్రవమును, దానితో బాక్టీరియాలను గర్భాశయములోనికి ఎక్కించగలదని పాపులేషన్ కౌన్సిల్‌కు చెందిన హోవర్డ్ టేటం 1975లో చూపినాడు. స్త్రీల నుండి తీసిన తోకల లోపలి పోగుల నడుమ బాక్టీరియాలను కనుగొన్నాడు. కాపర్-టికి ఆ టి-ఆకారమును ఇచ్చినవాడు ఈ టేటమే. ఇది మేలైన విమర్శ: అనుమానమును చెప్పి ఊరకుండక, యంత్రాంగమును విప్పి చూపినది. చెప్పినది కూడ తోకను గూర్చియే గాని సాధనములన్నిటిని గూర్చి కాదు. ప్రజలును, పత్రికలును, వైద్యులలో అనేకులును ఆ భేదమును పాటింపలేదు. ఒక తోక చేసిన నేరమునకు వంశమంతయు దోషి యైనది.

అంకెలతో కూడిన సాక్ష్యము కూడ ఆ భయమునకు వంత పాడినది. అమెరికాలో జరిగిన స్త్రీల ఆరోగ్య పరిశీలనను ఆధారము చేసికొని 1983లో లీ, ఆమె సహచరులు కటిప్రదేశపు శోథ డాల్కన్ షీల్డు ధరించినవారిలో, ఏ పద్ధతియు పాటింపనివారి కంటె 8.3 రెట్లు, ఇతర సాధనములు ధరించినవారిలో 1.6 రెట్లు ఎక్కువయని ప్రకటించినారు. ఈ రకపు అధ్యయనములను చదువునపుడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: ఎవరితో పోల్చినారు? తొడుగు వాడు జంటకు ఆ తొడుగే అంటువ్యాధుల నుండి రక్షణ. మాత్రలు మింగువారిలో గర్భాశయ ముఖపు శ్లేష్మము చిక్కబడి అడ్డుగోడ యగునని భావించెడివారు. ఏ పద్ధతియు పాటింపనివారిలో పలువురికి ఆ అవసరమే లేకపోవచ్చును. అట్టివారితో పోల్చినపుడు సాధనము దోషిగా కనబడుటలో ఆశ్చర్యమేమి? పొత్తికడుపు నొప్పితో వచ్చిన స్త్రీకి సాధనమున్నదని తెలిసిన వెంటనే వైద్యుడు శోథయని వ్రాయుట మరియొక వంకర. 1988లో లీ బృందమే మరల లెక్కించి, ఒకే భర్తతో కాపురము చేయు స్త్రీలలో డాల్కన్ షీల్డు కాని సాధనములవలన చెప్పుకొనదగిన అదనపు ప్రమాదము కనబడలేదని తెలిపినది. తమ అంకెలను తామే తిరిగి ప్రశ్నించుకొనిన ఈ పని మెచ్చదగినది. 1991లో క్రాన్‌మల్ మొదలగువారు ఆ పరిశీలన మూల సమాచారమునే తిరుగతోడి మరింత కఠినముగా విమర్శించినారు.

సూక్ష్మజీవులు గర్భాశయములోనికి ఎప్పుడు పోవునను ప్రశ్నకు అందమైన సమాధానము అంతకు చాల ముందే, 1966లో, డానియల్ మిషెల్ బృందము ఇచ్చియుండెను. వేరే కారణములచే గర్భాశయమును తొలగించుకొనవలసిన స్త్రీలకు, ముందుగా వారి అనుమతితో, లూపును అమర్చినారు. శస్త్రచికిత్స నాడు గర్భాశయపు పై కప్పు నుండి లోపలికి దారి చేసి నమూనాను తీసినారు. క్రింది నుండి తీసినచో ముఖద్వారపు బాక్టీరియాలు అంటుకొని ఫలితము కల్తీ యగును. ఈ ఉపాయములోనే ప్రయోగపు బలమంతయు ఉన్నది. అమర్చిన మొదటి 24 గంటలలో బాక్టీరియాలు దొరికినవి. 30 దినములు దాటిన తరువాత దొరకలేదు. అనగా బాక్టీరియాలను లోనికి తోసినది అమర్చెడి పని. ఆ పిమ్మట దేహము తన ఇల్లు తానే ఊడ్చుకొన్నది. జన్యు పదార్థమును వెదకు నేటి పద్ధతులు గర్భాశయము పూర్తిగా నిర్జీవి కాదేమోనను సందేహమును లేపినవి గాని, కాలక్రమమును గూర్చిన మిషెల్ మాట నిలిచినది. 1992లో ఫార్లే మొదలగువారు ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున 22,908 అమరికలను పరిశీలించి, సాలుకు వెయ్యిమందికి 1.6 చొప్పున మాత్రమే శోథ వచ్చినదనియు, మొదటి 20 దినములలో అది తరువాతి కాలము కంటె ఆరు రెట్లకు పైగా ఉన్నదనియు చూపినారు.

ఇంతవరకు విమర్శ భయపెట్టినవారి మీదనే సాగినది. ధైర్యము చెప్పువారిని కూడ కొంచెము నిలదీయవలసియున్నది. "సాధనమునకును అంటునకును సంబంధము లేదు" అను వాక్యము ప్రచార పత్రములలో తరచు కనబడును. అది ఫార్లే చెప్పినది కాదు. ఆ మొదటి 20 దినములు మాయమైపోలేదు. శుభ్రత లేక అమర్చినచోట, గనేరియా, క్లమీడియా వంటి అంటు ముందే ఉన్నచోట ప్రమాదము నిజమైనదే. 2001లో మెక్సికో నగరములో హుబాకర్ బృందము జరిపిన అధ్యయనములో ఫలవాహికలు మూసుకొనిపోవుటకు రాగి సాధనముతో సంబంధము కనబడలేదు. క్లమీడియా సోకిన గుర్తులతో కనబడినది. దీని అర్థము సాధనము నిర్దోషి యని మాత్రమే కాదు, అసలు దొంగను వెదకవలెనని కూడ. అట్లే, బాధ లేనివారికి చికిత్స అక్కరలేదను నేటి సలహాకు ఆధారము పెద్ద యాదృచ్ఛిక ప్రయోగములు కావు. పరిశీలనలును, అనుభవజ్ఞుల అభిప్రాయమును మాత్రమే. రోగము అంత అరుదైనపుడు ప్రయోగము చేయుటకు స్త్రీలను ఎన్ని వేలమందిని కూర్చవలయును! కారణము సమంజసమే, అయినను ఆ సంగతి పాఠ్య గ్రంథములలో స్పష్టముగా వ్రాసిన మంచిది.

నేటి పద్ధతి సారాంశమున ఇది. పూతలో ఆక్టినోమైసీస్ వంటి జీవులు కనబడి బాధ ఏమియు లేనిచో, మందు వద్దు, సాధనము తీయవద్దు. సంగతి ఆమెకు చెప్పి, ఏ లక్షణములు కనబడిన వెంటనే రావలెనో వివరించవలెను. 1960 దశకములో లూపును తయారుచేసిన జాక్ లిప్పీస్ 1999లో ఈ విషయమును సమీక్షించి, సాధనము లేని ఆరోగ్యవతులలో కూడ ఈ జీవి ఉండునని గుర్తుచేసినాడు. తన బిడ్డ పక్షమున తల్లి సాక్ష్యమని కొందరు అనవచ్చును గాని, ఆ మాటను ఇతరుల పరిశోధనలు కూడ సమర్థించుచున్నవి. జ్వరము, పొత్తికడుపు నొప్పి, తాకిన నొప్పి ఉన్నచో సంగతి వేరు. సామాన్యపు శోథయైనచో సాధనమును ఉంచియే మందు మొదలుపెట్టి, 48 నుండి 72 గంటలలో గుణము కనబడకున్న తీయుటను ఆలోచింపవలెను. నిజమైన ఆక్టినోమైకోసిస్ తేలినచో సాధనమును తీసి, ముందు సిరలోనికి, పిదప నోటి ద్వారా నెలల తరబడి పెన్సిలిన్ ఇవ్వవలసియుండును. క్లమీడియాయో గనేరియాయో పరీక్షలో తేలినచో దానికి మందు ఇచ్చినచాలును. బాధ లేనిచో సాధనమును కదల్చనక్కరలేదు. ముందు జాగ్రత్తయని అమర్చునపుడే అందరికిని యాంటీబయాటిక్ ఇచ్చు ఆలోచనను 1998లో అమెరికాలో వాల్ష్ మొదలగువారు 1,833 మందిపై పరీక్షించగా, మందు పొందినవారికిని పొందనివారికిని భేదము కనబడలేదు.

మన దేశములో ఈ చర్చకు మరియొక రంగు ఉన్నది. 1965లో ప్రభుత్వము లిప్పీస్ లూపును కుటుంబ నియంత్రణ పథకములో ప్రవేశపెట్టినది. కాన్పూరులో తయారీ కర్మాగారము కూడ వెలసినది. 1966-67లో సుమారు తొమ్మిది లక్షల అమరికలు జరిగినవి. పిదప సంఖ్య తగ్గిపోయినది. రక్తస్రావమును గూర్చి ముందుగా చెప్పినవారు లేరు, అమర్చిన తరువాత వచ్చి చూచినవారు తక్కువ. ఆ ఖాళీని పుకార్లు నింపినవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడ వివాహితలలో గర్భాశయ సాధనము వాడువారు నూటికి ఇద్దరే. ఇట్టి చోట పూతలోని ఒక వాక్యమును చూచి అనవసరముగా సాధనమును తీసివేసినచో, ఆ వార్త ఆ ఒక్క స్త్రీతో ఆగదు. మంగళవారము సంతకు పోవును.

నివేదికను వ్రాయు పద్ధతిలో కూడ ఒక విశేషమున్నది. కణపరీక్ష ఫలితములకు లోకమంతట వాడుకలోనున్న బెథెస్డా విధానములో ఈ జీవిని కాన్సరు అనుమానముల జాబితాలో వ్రాయరు. "కాన్సరు పూర్వపు మార్పులు లేవు" అను శీర్షిక క్రింద, ఇతర సూక్ష్మజీవుల సరసన, "ఆకారమున ఆక్టినోమైసీస్‌ను పోలిన బాక్టీరియా" అని వ్రాయుదురు. శీర్షిక శుభవార్త, దాని క్రింది వాక్యము వట్టి వర్ణన. కాగితము చేతికందిన స్త్రీ కన్ను మాత్రము మొదట పడునది నోరు తిరుగని ఆ లాటిన్ పేరు మీదనే.